లాభం, రెండు, మూడు

మూడున్నరకే చీకటి పడుతుంది నారిచ్‌లో, డిసెంబరు కదా.
మైక్రోస్కోపు దీపం కింద మాత్రం
సుమత్రా మధ్యాహ్నం ఒకటి
స్పిరిట్ వాసనతో ఇంకా మెరుస్తుంటుంది.

సీసా మూత తిప్పుతాను.
లోపల తడిసిన చీటీ, పెన్సిల్ రాత:
మడి నంబరు, తేదీ, చివర యుస్నిదార్ అని.
స్పిరిట్‌లో సిరా కరిగిపోతుంది, పెన్సిల్ నిలుస్తుంది.
ఆమెను నేనెప్పుడూ చూడలేదు.
పామాయిల్ చెట్ల మధ్య నేలలోకి గ్లాసులు దించి
మూడు రాత్రులు వదిలేసి
పడ్డవాటిని పడ్డట్టే వడగట్టి పంపింది.
బతుకుందని చెప్పడానికి
చచ్చినవాటినే సాక్ష్యానికి పిలుస్తాం మేము.

లెక్క మొదలుపెడితే ఒకటి అనను.
ధాన్యం కొలిచేవాళ్ళ దగ్గర పట్టుబడ్డ నోరు ఇది.
లాభం, రెండు, మూడు...
పక్క బల్ల మీంచి మావిస్ థర్టిల్ తల ఎత్తింది.
డెబ్భై రెండేళ్ళు, గురువారాల వాలంటీరు,
చీమ నడుము చూసి ఇంటిపేరు చెప్పేస్తుంది.
"లాబమ్ అంటే?"
చెప్పాను. ముక్కు మీద కళ్ళజోడు జారేదాకా నవ్వింది.
అప్పట్నుంచి ఆవిడ చీమలూ లాభంతోనే మొదలవుతాయి.

అల్మారాలో మూడు అరలు.
పై అర, మందు కొట్టి మాడ్చిన మళ్ళు:
చెట్ల కింద నేల గుండు గీసినట్టు.
నడిమి అర, నడిచే దారీ పాదులూ శుభ్రం చేసి
మిగతాది చూసీ చూడనట్టు వదిలేసినవి.
కింది అర, ఎవరూ ముట్టనివి:
మోకాలు దాటిన ఫెర్నులు,
పొద్దున్నే విచ్చి మధ్యాహ్నానికే ముడుచుకునే
తెల్లపూల మొక్కలు.
(ఫొటోలో చూశాను. తాకలేదు.)

కింది అర సీసాలు చేతికి బరువు తెలుస్తాయి.
వీపు నిండా పిల్లలతో తల్లి సాలీడు,
జెర్రిపిల్ల, ఎవరిదో తెగిన కాలు,
గొంగళిని ముక్కుతో పొడిచి పీల్చే వేటనల్లి.
పై అర సీసా ఎత్తితే
లాభం అన్నాక
రెండు అనడానికి వెతుక్కోవాలి.

ఇక అసలు పురుగు లెక్క.
గడ్డి ఉంటే పురుగు చేరుతుందని తోటల వాళ్ళ భయం.
ఆకు తినే గొంగళి, సంచి పురుగు,
మొవ్వు తొలిచే కొమ్ము పురుగు,
మూడు అరల్లోనూ ఇంచుమించు అంతే.
మళ్ళీ లెక్కపెట్టాను. మావిస్ చేత పెట్టించాను.
అవే అంకెలు, ఒకటి అటూ ఇటూ.
నేను ఇంకోలా రావాలని కోరుకున్నాను, నిజం చెప్పాలంటే.
కింది అర గెలవాలని.
కలుపు కాపాడిందని రాయలేను,
చెడగొట్టిందనీ రాయలేను.
నేరం రుజువు కాలేదు, అంతే.
శిక్ష మాత్రం ఏడాదికి నాలుగుసార్లు
ఎవరో ఒకరి వీపున డబ్బా ఎక్కి వస్తూనే ఉంది.

మావిస్ చాలాసేపు ఫోర్సెప్స్ తుడుస్తూ కూర్చుంది.
"మా రోజర్ వాకిట్లో పలకల సందున
ఒక్క పరక మొలవనిచ్చేవాడు కాదు.
ఆయన పోయాక రెండేళ్ళు నేనూ మందు కొట్టాను,
ఆయన చూస్తాడేమో అన్నట్టు."
ఆగి, "మీ భాషలో వీడ్‌ని ఏమంటారు?"

కలుపు అన్నాను.
నోరు దాటాక గానీ నాకు వినపడలేదు:
పీకి గట్టున పారేసే ఆ మాటే
ఇంకోచోట, అన్నం పళ్ళెం దగ్గర,
ఒక తల్లి గొంతులో పని చెబుతుంది.
అది ఆవిడకు వివరించబోయి మానేశాను.
ఇంగ్లీషులో ఆ రెండూ దూరపు ఊళ్ళు.

చివరి సీసా. చీటీకి అంటుకుని ఒక గడ్డి గింజ,
ముళ్ళ తోకతో, యుస్నిదార్ పేరు మీద.
దానికి పట్టికలో గడి లేదు.
నేను వేలితో తీసేయబోతుంటే
మావిస్ వంగి చూసి,
లాబమ్, అంది.